ఆవుకున్న కాపలా

హొసూరు దగ్గర మత్తిగిరి పశువుల ఫారంలో ఆవు చెవికి పసుపుపచ్చ బిళ్ల వేలాడుతుంటుంది. దాని మీద 12 అంకెలు. ఆ నంబరును అది పొద్దస్తమానం ఊపుకుంటూ తిరుగుతుంది. ఎవరైనా చూడొచ్చు, కావాలంటే రాసుకోనూవచ్చు. అయినా ఇంతవరకు దాని పాలు ఇంకో ఊళ్లో కూర్చుని ఎవడూ పిండుకోలేదు. 1824లో కుంపిణీవాళ్లు గుర్రాల కోసం పెట్టిన ఫారం అది. కంచె ఉంది, గేటు ఉంది, గేటు దగ్గర మనిషి ఉన్నాడు.

మనకు బ్యాంకువాళ్లు 16 అంకెల కార్డు ఇచ్చారు. ఆవు కంటే నాలుగు ఎక్కువే. ఏటీఎం గది ముందు కూర్చునే మనిషిని మాత్రం దండగ ఖర్చని తీసేశారు. బదులుగా ఫోనుకు నీతిబోధ పంపిస్తున్నారు. పిన్ను ఎవరికీ చెప్పకు, మీటలు నొక్కేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకో, ముక్కూమొహం తెలియనివాడి సాయం తీసుకోకు. మంచి మాటలే. ఆ మాటలు వచ్చేది ఇంగ్లీషులో.

ఇక గదిలోకి రండి. తాత పింఛను తీసుకోవడానికి వచ్చాడు. చిన్నప్పుడు ఇక్కడి బడిలోనే తెలుగులో చదువుకున్నవాడు. కార్డు పెట్టగానే మిషను మర్యాదగా అడుగుతుంది: తమిళమా, ఇంగ్లీషా, హిందీయా? హొసూరు చుట్టుపక్కల ఇన్ని ఇళ్లలో వినిపించే మాట ఆ జాబితాలో లేదు. మనవడు తోడొస్తే తమిళం చదివిపెట్టేవాడు. బడుల్లో తమిళం తప్పనిసరి చేసిన 2006 నాటి తమిళ అభ్యసన చట్టం పుణ్యమా అని వాడికి మాట తెలుగు, రాత తమిళం. వాడేమో ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. తాత కళ్లద్దాలు తుడుచుకుని ఏదో మీట నొక్కుతాడు. మిషను కుయ్యిమంటుంది.

అప్పుడు వెనక నుంచి చల్లని గొంతు. "ఇట్లియ్యి తాతా, దుడ్లు నేను తీసిస్తా."

ఎంత తియ్యని తెలుగు! ఆ గదిలో మన మాట తెలిసిన ఒకే ఒక్క ఉద్యోగి వాడు. జీతం లేదు, కమీషన్ మీద పనిచేస్తాడు. కమీషన్ నూటికి నూరు. పిన్ను తాతే చెబుతాడు, లేదంటే కార్డు కవరు మీద రాసే ఉంటుంది. అడిగిన రెండు వేలూ లెక్కపెట్టి చేతిలో పెడతాడు, కార్డూ తిరిగిస్తాడు. అదే బ్యాంకు, అదే రంగు, పేరు మాత్రం ఇంకెవరిదో. ఇంగ్లీషు అక్షరాల్లో తాతకు అన్ని పేర్లూ ఒకటే. ఆయన ఇల్లు చేరేలోగా అసలు కార్డు కర్ణాటక సరిహద్దు దాటి అత్తిబెలెలో దుడ్లు కక్కుతుంటుంది. రాత్రి 12 దాటితే కొత్త తేదీ, కొత్త పరిమితి, మళ్లీ కక్కుతుంది.

పిన్నుకు నాలుగంకెలే ఎందుకో తెలుసా? 1967లో లండన్ శివారులో మొదటి మిషను పెట్టించిన షెపర్డ్ బారన్ (పుట్టింది మన షిల్లాంగులోనే) ఆరంకెలు పెడదామనుకున్నాడు. నాలుగు దాటితే తనకు గుర్తుండవని భార్య అంది. ఆయన తగ్గించాడు. వాడేవాళ్లకు ఏది కష్టమో విని మిషను మార్చిన ఆఖరి పెద్దమనిషి ఆయనే అయి ఉండాలి.

మోసపోయిన తాత బ్యాంకుకు వెళతాడు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఒక రూలు పెట్టింది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మూడో పనిదినం లోపల చెబితే ఖాతాదారుకు పైసా నష్టం ఉండకూడదు. పది పనిదినాల్లో డబ్బు ఖాతాలో వేయాలి. తప్పు ఖాతాదారుదే అంటే రుజువు చూపే భారం బ్యాంకుది. భేషైన రూలు. అందులోనే చిన్న మెలిక ఉంది. పిన్ను తానే చెప్పి ఉంటే, ఫిర్యాదు ఇచ్చేదాకా పోయిందంతా ఖాతాదారు నెత్తినే. కౌంటరు వెనకవాళ్లు ఆ మెలికను కంఠతా పట్టారు, మిగతాది చదివే తీరిక చిక్కలేదు. "నువ్వు చెప్పకుంటే వాడికెట్లా తెలుస్తుంది?" అంటారు. నీళ్లలోకి తోసినవాడే తడిసినందుకు జరిమానా రాస్తున్నాడు.

చదువుకున్నవాళ్లు నవ్వుకోనక్కర్లేదు. కార్డు దూర్చేచోట అతికించిన దొంగ రీడరుకు, మీటల పైన దాచిన కెమెరాకు డిగ్రీలంటే గౌరవం లేదు. 2018 ఆఖరుకల్లా అందరికీ చిప్పు కార్డులిమ్మని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. చిప్పు వచ్చింది, ఆ దొంగ రీడరు చదివే వెనక నల్లగీత అట్లాగే ఉంది. వీధి తలుపుకు కొత్త తాళం, పెరటి తలుపుకు పాత గడియ! అందుకని కార్డు పెట్టేముందు ఆ మూతిని పట్టి ఒకసారి లాగండి. ఊడొచ్చిందంటే అది బ్యాంకు సొత్తు కాదు.

తాతలున్న ఇళ్లవాళ్లకు ఒక మాట. రోజు పరిమితి తగ్గించి పెట్టించండి, కార్డు మీద తన పేరు ఎట్లా ఉంటుందో ఆయనకు గుర్తుపట్టించండి, మోసం తెలిసిన నిమిషమే కార్డు ఆపించి 1930కి ఫోన్ చేయండి. బ్యాంకువాళ్లకు ఇంకో మాట. గదికో కుర్చీ వేసి తెలుగు తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. ఫారంలో ఆవుకు పెట్టినపాటి కాపలా చాలు, అంతకు మించి అడగం.