మచ్చ కూడా పడదు సార్!

కారు అలంకరణ సామాన్లు అమ్మే దుకాణంలో ధర తగ్గించమని ఎంతసేపైనా బేరమాడవచ్చు. ఒక్క హామీ మాత్రం అడగకుండానే, ఉచితంగా దొరుకుతుంది: ‘నచ్చకపోతే ఎప్పుడైనా తీసేయొచ్చు, మచ్చ కూడా పడదు సార్!’ విజయవాడ ఆటోనగర్ నుంచి ఢిల్లీ కరోల్‌బాగ్ దాకా యాస మారుతుందేమో గానీ ఈ హామీ మారదు. దాన్ని నమ్మి మనవాళ్లు కొనేది వుడ్ ఫినిష్ కిట్టు. డ్యాష్‌బోర్డు మీద ఒక పట్టీ, గేరు చుట్టూ ఒకటి, ఏసీ గాలి వచ్చే చోట రెండు, తలుపుల్లో అద్దాల బటన్ల దగ్గర తలా ఒకటి. నల్లమల అడవికి వీసమెత్తు హాని చేయని టేకు అది. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ అంటించి చెక్క అని పిలుచుకోవడమన్నమాట. ఇది మన తెలివే అని మురిసిపోవడానికీ లేదు. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1929లో నిజంగానే చెక్క బాడీతో స్టేషన్ వ్యాగన్ అమ్మింది. 1950లు ముగిసేలోగా ఆ కంపెనీ కంట్రీ స్క్వైర్ కారు పక్కల్లో చెక్క పలకలు పోయి, చెక్క బొమ్మ ముద్రించిన పొర మిగిలింది.

అభిరుచితో నాకు తగాదా లేదు. టేకు కావాలనుకునేవారికి టేకు, బంగారు అంచు కావాలనుకునేవారికి బంగారు అంచు. తగాదా అంతా ‘తీసేయొచ్చు’ అన్న మాటతోనే. ఈ పట్టీల వెనక ఉండేది రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపు. ఈ జాతి టేపుల్లో పేరుమోసిన వీహెచ్‌బీని త్రీఎం కంపెనీ 1980లో తెచ్చింది, స్క్రూలూ రివెట్లూ లేకుండా లోహపు రేకుల్ని పట్టి ఉంచడానికి. అంటే ఊడకుండా ఉండటమే దాని ఉద్యోగం. నొక్కిన వెంటనే దాని పట్టు పూర్తిగా రాదు. మామూలు గది వేడిలో సుమారు 72 గంటలు పడుతుంది. ఆ తర్వాత ఎండ పని మొదలవుతుంది. అరిజోనాలో ఎండలో నిలిపిన కార్లను పరిశోధకులు కొలిచి 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం, గంటలోనే డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. మన రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఈ ప్రయోగాన్ని ఏ గ్రాంటూ అడక్కుండా రోజూ చేసిపెడుతుంది. ఆ వేడికి మెత్తబడ్డ బంక డ్యాష్‌బోర్డు గరుకులోకి ఇంకా లోతుగా దిగుతుంది. ఏళ్లు గడిచాక పట్టీని లాగితే ఫోమ్ నడిమికి చీలి, సగం పట్టీతో వస్తుంది, సగం బండిలోనే కాపురం ఉంటుంది. అమ్మినవాడు అబద్ధమాడలేదు సుమా. పట్టీ వస్తుందన్నాడు, వచ్చింది. బంక సంగతి మనం అడగలేదు.

అప్పుడు సలహాదారులు బయల్దేరతారు. ‘పెట్రోలు గుడ్డతో ఒక్క తుడుపు’ అంటాడొకడు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది, సున్నాకు చాలా దిగువ చలిలోనూ నిప్పు తగిలితే అంటుకునేది. తలుపులు మూసిన కారులో అది పాదాల దగ్గర పేరుకుంటుంది. ‘థిన్నర్ ఉండగా భయమేల’ అంటాడు ఇంకొకడు. కారు లోపలి ముక్కల్లో చాలావాటికి వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌ను ఎసిటోన్ కరిగించేస్తుంది. అందుకే త్రీడీ ప్రింటింగ్ చేసేవాళ్లు ఆ ప్లాస్టిక్ బొమ్మల్ని నున్నగా చేయడానికి ఎసిటోన్ ఆవిరి పెడతారు. కాబట్టి ఎసిటోన్ కలిసిన థిన్నర్‌తో బంక పోవడం నిజమే, దాని కింద ఉన్నది కూడా పోతుంది. కొబ్బరినూనె వీటికంటే నయం, కొన్ని రకాల జిగురును నెమ్మదిగా మెత్తబరుస్తుంది. ఆ నూనె జిడ్డు కడగడం వేరే పని. పనికొచ్చే పద్ధతి లేకపోలేదు. హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి, చేపల గాలానికి కట్టే నైలాన్ దారాన్ని పట్టీ వెనక దూర్చి రంపంలా కోసి, మిగిలిన బంకను వేలితో ఉండలు చుట్టి, ఆఖరి జిడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి, అదీ ముందు కనిపించని మూల పరీక్షించి. కానీ ఇందులో అద్భుతం లేదు, ఓపిక మాత్రమే ఉంది. కనుక సలహాదారుల మార్కెట్లో దీనికి గిరాకీ తక్కువ. ఇంత చేసినా, చుట్టూ ఎండకు వెలిసి, పట్టీ కింద వెలవకుండా మిగిలిన ప్లాస్టిక్ ఆ టేకు ఆకారాన్ని చక్కగా చూపిస్తూనే ఉంటుంది.

‘కంపెనీలే చెక్క రంగు ముక్కలు పెడుతున్నాయిగా’ అని ఒక వాదన. పెడుతున్నాయి, కానీ ఎక్కువగా క్లిప్పులతో బిగించి. ప్లాస్టిక్ పనిముట్టుతో జాగ్రత్తగా ఎత్తితే ముక్కకు ముక్క వస్తుంది. తీయాల్సి వస్తుందని ముందే ఆలోచించినవాడికీ, అమ్మేశాక మొహం చూపనివాడికీ ఉన్న తేడా అది. ‘నా బండి, నా డబ్బు’ అన్నది మరో వాదన. పూర్తిగా ఒప్పుకుంటాను, పక్కసీటు ముందు ఎయిర్‌బ్యాగ్ మూతను మాత్రం మినహాయించి. 2021 నుంచి మన దేశంలో కొత్త కార్లకు ఆ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అది రెప్పపాటులో మూతను చీల్చుకుని రావాలి. ఆ దారిలో అంటించిన గట్టి పట్టీ ఎటు ఎగురుతుందో టేకు నాణ్యతను బట్టి తేలదు.

సులువుగా తీసేయొచ్చన్న నమ్మకానికి 2012లో దేశమంతా పరీక్ష జరిగింది. ఆ ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారు అద్దాల నల్ల ఫిల్ములు వద్దంది, పోలీసులు కూడళ్లలో పీకించారు. ఫిల్ము ఊడిన అద్దం మీద బంక మిగిలింది. వెనక అద్దం మీద బంక గీకడానికి బ్లేడు పెడితే డీఫాగర్ గీతలు తెగుతాయి. చట్టం ఫిల్మును తీయించగలిగింది గానీ బంకకు సమన్లు అందలేదు.

కాబట్టి కొనబోయేవారికి ఒక మనవి. దుకాణంలో పాత డ్యాష్‌బోర్డు ముక్క ఏదో ఒకటి పడి ఉంటుంది. దాని మీద ఒక పట్టీ అంటించి, ఎండలో పెట్టమనండి. మూడు రోజులాగి వెళ్లి, మచ్చ పడకుండా తీసి చూపించమనండి. చూపిస్తే కిట్టు మొత్తం కొనండి.