సద్దిమూట పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. సద్ది మూట గట్టి సర్కారు బస్సెక్కి
కోటపల్లి నీట కొడుకు తేల
గట్టు మీద తండ్రి కాసెను చెప్పులు
వంద మిగిలె నింక పర్సులోన

అవతారిక: తాండూరులో నాపరాళ్ల పనితో బతికే ఒక గృహస్థు కొడుకు, ఫోనులో మంచుకొండల మీద జారేవాళ్లను చూసి, మనమూ పోదామన్నాడు. గృహస్థు గుల్మార్గ్ లెక్క కట్టాడు. నలుగురికి ప్రయాణం, హోటలు, స్కీలకు అద్దె, బూట్లకు అద్దె, కోట్లకు అద్దె, నేర్పేవాడికి వేరే, గొండోలా అనే రోప్‌వేకు రెండు దశలు గనుక రెండు టికెట్లు. దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు పోయి కింద పడడానికి ఇంత ఖర్చా అని కాగితం మడిచి, ఈ పద్యం చెప్పాడు.

ప్రతిపదార్థం: సద్ది = పొద్దున కట్టుకుపోయే అన్నమో రొట్టెనో. ఇక్కడ జొన్నరొట్టె, పప్పు అని గ్రహించాలి. ఏ పప్పు అని అడగరాదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దొరికింది, ఆ ఊరివాడు వేరే పప్పు మూట గట్టడు. సర్కారు బస్సు = పల్లెవెలుగు గాని ఎక్స్‌ప్రెస్ గాని. 2023 డిసెంబరు 9 నుంచి వీటిలో ఆడవాళ్లకు జీరో టికెట్. భార్యకు, బిడ్డకు సున్న, కొడుకుకు హాఫ్, తనకు ఫుల్. నలుగురి కుటుంబం ఒకటిన్నర టికెట్టు మీద కదిలింది.

‘సొంత కారెక్కి’ అని కొందరు పాఠాంతరం చూపుతారు. ‘స’కు ‘సొ’తో యతి కుదరదు, గణంలోనూ ఒక అక్షరం తక్కువ, పైగా పెట్రోలు. కనుక అగ్రాహ్యం.

కోటపల్లి = బోర్డుల మీద కోట్‌పల్లి. సూర్యగణం కోసం కవి ‘ట’కు ఒక అచ్చు ఇచ్చాడు. పద్యం మొత్తంలో అతడు చేతివిడుపుగా ఇచ్చింది అదొక్కటే. నీట = 1967 నాటి ప్రాజెక్టు నీటిలో. తేల = కయాక్‌లో, లైఫ్ జాకెట్ తొడుక్కుని, తెడ్డు వేస్తూ పోగా. స్కీకి ఒంటినిండా అద్దె సామానే. దీనికి ఒక పడవ, ఒక జాకెట్, ఒక తెడ్డు చాలు. పడవలు నడుస్తున్నాయో లేదో ముందే అడిగి బయలుదేరాలి. జాకెట్ లేకుండా ‘తేల’ అనే క్రియకు అర్థం లేదు. స్నానానికని ఈ నీళ్లలో దిగి మునిగిపోయినవాళ్లున్నారు. ఇక్కడ టీకాకారుడు నవ్వడు.

కాసెను చెప్పులు = నాలుగు జతలను, తనవి కూడా విప్పి పెట్టుకుని, కావలి కాచాడు. చెప్పులు ఎవరెత్తుకుపోతారని శంక. ఎవరూ ఎత్తుకుపోరు. పడవకు మనిషికింత అని డబ్బు గనుక తండ్రికి గట్టు మీద ఒక పని కావాలి. ఊరికే కూర్చుంటే, నువ్వూ రావచ్చు కదా అని భార్య అడుగుతుంది. చెప్పుల కాపలా అంటే అడగదు. నీళ్లంటే భయమని ఒక వ్యాఖ్యాత రాశాడు. ఆయన పెళ్లికానివాడు.

తల్లీ బిడ్డా ఏమయ్యారో పద్యం చెప్పదు. రొట్టెల మూట విప్పుతున్నారని ఊహించుకోవాలి.

తాత్పర్యం: సులభం.

విశేషాలు: అలంకారం స్వభావోక్తి. ‘పర్సు’ అన్యదేశ్యమే, అయినా అందులో వంద ఉంది గనుక క్షమించదగును. అసలు రసమంతా ‘ఇంక’లో ఉంది. ఇంకా వంద మిగిలింది, హమ్మయ్య, అని పైకి అర్థం. అయితే క్రియ వెనుక ‘ఇంక’ తగిలించడంలో ఒక దిగులు ధ్వనిస్తుంది. ఆ సమయానికి కొడుకు పడవ మలుపు తిరిగి గట్టువైపు వస్తున్నది. తెడ్డు ఒళ్లో పెట్టుకుని, బాపు కనిపించగానే చెయ్యెత్తి ఒక వేలు చూపిస్తున్నాడు.