నన్ను చెక్కిన కాళ్లు

బూటు కొనేవాళ్లు తోలు తడిమి చూస్తారు, కుట్టు లాగి చూస్తారు, అట్ట వంచి చూస్తారు. ఆ బూటుకు ఆ రూపం ఎక్కడిదని అడిగేవాళ్లు తక్కువ. ఆ రూపం నాది. నేను ఎడమకాలి అచ్చును. ఫ్యాక్టరీల్లో లాస్టు అంటారు, కొన్ని అంగళ్లలో ఫర్మా అంటారు. అనంతపురం పాతూరిలో ఒక ఇరుకు సందులో, మా పెద్దాయన పీట పక్కన కుడికాలి అచ్చుతో జంటగా ఉంటాను.

నాది నల్లతుమ్మ కట్టె. ఈ సీమలో ఏడాది వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే తచ్చాడుతుంది. అదీ అదునుకు కురవదు. అలాంటి నేలలో నీళ్లు వెతుక్కుంటూ నిదానంగా పెరిగిన చెట్టు కాబట్టి వందల మేకులు దిగినా నేను చీలలేదు. తోలుతో మా చెట్టుకు పాత చుట్టరికం కూడా ఉంది. తుమ్మ బెరడు, తంగేడు చెక్క నానిన నీళ్లలోనే ఒకప్పుడు మాదిగవాడల్లో పచ్చితోళ్లు పదునయ్యేవి. ఆ తోలుతో పెద్దాయన తాతలు చెప్పులు కుట్టారు, బావుల్లోంచి నీళ్లు తోడే కపిల బానలు కుట్టారు. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు వాళ్ల పాలు వాళ్లకు వచ్చేది. బావుల మీదికి కరెంటు మోటార్లు వచ్చాయి, కపిల పోయింది, ఆ పాలూ పోయింది. పెద్దాయన పట్నానికి వచ్చి బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. గుంతకల్లు రైల్వే మనుషులు, మార్కెట్ యార్డు హమాలీలు, ఎప్పుడైనా ఒక రైతు. వీళ్లే ఆయన గిరాకీ.

ఊరి చెప్పుకు నా అవసరం లేదు. మనిషి తోలు మీద కాలు పెడితే చుట్టూ గీత గీసి కోసేవాళ్లు. బూటు కాలిని నాలుగు వైపులా మూస్తుంది కనుక గీత చాలదు. పైతోలును తడిపి నా మీద కప్పి, పట్కారుతో ముందుకూ పక్కలకూ లాగి, కింది అంచున మేకులు కొడతారు. తోలు నా మీదే ఆరాలి; ఆరేటప్పుడే నా వంపు దానికి పట్టుబడుతుంది. తొందరపడి ముందే నన్ను ఊడలాగితే ఆ రూపం నిలవదు. నడకలో కాలు కొంచెం ముందుకు జరుగుతుంది, అందుకని నేను కాలి కన్నా పొడుగ్గా ఉండాలి. అట్ట వేళ్లంత సులువుగా వంగదు, అందుకని నా కొస నేలకు అంటకుండా కాస్త లేచి ఉండాలి. మడమ దగ్గర మాత్రం సన్నంగా ఉంటేనే బూటు కాలిని పట్టుకుని ఉంటుంది. పాదాన్ని మైనంలో ముంచి తీసిన నకలు ఈ పనికి రాదు. నడిచే పాదానికి ఎక్కడ చోటు కావాలో, ఎక్కడ బిగువు కావాలో తెలిసినవాడే నన్ను చెక్కగలడు.

నన్ను చెక్కిన వడ్రంగికి ఇచ్చిన నమూనా ఇంగ్లీషు నంబర్ల పాత అచ్చు. ఆ లెక్కలో నంబరుకూ నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, ఒక బార్లీ గింజ పొడవు. నంబరు పొడవును చెబుతుంది, వెడల్పును చెప్పదు. ఆ నమూనా ముందుభాగం కోసుగా ఉంది. బొటనవేలి వైపు అంచు లోపలికి ఒరిగి ఉంది. వడ్రంగి బాడిసతో, ఆకురాయితో నన్నూ అచ్చం అలాగే దించాడు. అంగట్లో అందరూ భలే ఉందన్నారు.

తర్వాత ఈ నేల కాళ్లు వచ్చాయి. చిన్నప్పుడంతా శెనక్కాయ చేలల్లో, కంపచెట్ల ముళ్లలో ఉత్తకాళ్లతో తిరిగిన కాళ్లు. వేళ్లు విచ్చుకుని, బొటనవేలు తిన్నగా ముందుకు చూస్తూ, దానికీ పక్కవేలికీ మధ్య సందుతో ఉన్న కాళ్లు. నా మీద కుట్టిన బూటులోకి అవి దూరలేదు. ‘‘ఏమప్పా, యీ బూటు కరుస్తాండాది!’’ అన్న మాట ఆ అంగట్లో ఎన్నిసార్లు విన్నానో. కొందరు రెండు నంబర్లు పెద్దది తీసుకుని తాళ్లు బిగించి కట్టుకునేవాళ్లు. వెడల్పు సరిపోయేది, మడమ మాత్రం లోపల ఆడి ఆడి బొబ్బలెక్కేది. ‘‘మీ కాలే అట్లుంది’’ అని గిరాకీని పంపేసే కుట్టుపనివాళ్లు ఉన్నారు. మా పెద్దాయన ఆ మాట ఒక్కనాడూ అనలేదు. వచ్చినవాడి కాలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, ‘‘కాలు సరిగానే ఉండాది నాయనా, కట్టె మార్చాల’’ అనేవాడు. ఆయన మీద నాకున్న గౌరవమంతా ఆ మాట మీదే నిలబడి ఉంది.

ఆయన మాట నిజమని చెప్పే పరిశోధనలు కూడా ఉన్నాయి. చెన్నైలో పాదరక్షల పని నేర్చుకుని వచ్చిన ఆయన మనవరాలు పని మధ్యలో అవి చదివి వినిపించేది. కర్ణాటకలో ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అనే వైద్యులు 2,300 మంది పిల్లల పాదాలు పరిశీలించి 1992లో ఫలితాలు ప్రచురించారు. చెప్పులో బూట్లో వేసుకునే పిల్లల్లో నూటికి 8.6 మందికి చదును పాదాలు ఉంటే, ఉత్తకాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 మందికే ఉన్నాయి. ముందు మూసి ఉన్న బూట్లు వేసుకునే పిల్లల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ముళ్లూ ఎండా ఉన్న ఈ సీమలో పిల్లల్ని ఉత్తకాళ్లతో తిప్పమని నేను అనను. వాళ్ల వేళ్లు విచ్చుకునే చోటు నాలో ఉండాలంటాను.

నా జాతి చరిత్ర విన్నాక నాకు ఇంకో సంగతి తెలిసింది. ఐరోపాలో 1600 తర్వాత ఎత్తు మడమల బూట్లు వచ్చి, ఎడమ కుడి తేడా దాదాపు రెండు వందల ఏళ్లు మరుగునపడింది. రెండు కాళ్లకూ ఒకే తిన్నని అచ్చు. డచ్చి వైద్యుడు పీటర్ కాంపర్ 1781లోనే బూటు ఎలా ఉండాలో పుస్తకం రాశాడు. 1850ల్లో జూరిక్‌లో హెర్మన్ ఫాన్ మేయర్ అనే శరీర శాస్త్రవేత్త ఒక గీత గీసి చూపించాడు: బొటనవేలి మధ్య నుంచి వెనక్కి గీసిన గీత మడమ మధ్యలోకి రావాలి. నా నమూనాలో ఆ గీత మడమను తప్పి పక్కకు పోయేది. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ తుపాకీ కట్టెలు చెక్కడానికి కనిపెట్టిన యంత్రంతో 1820ల నుంచి ఒక అచ్చును చూసి వందల అచ్చులు తీయడం వచ్చింది. సురినామ్ నుంచి అక్కడికి వెళ్లిన నల్లజాతి కార్మికుడు యాన్ మాట్జెలిగర్ 1883లో, తోలును అచ్చు మీద లాగి మేకులు కొట్టే యంత్రానికి పేటెంటు పొందాడు. బూట్లు చవకయ్యాయి. మంచి అచ్చు వేలమందికి అందినట్టే, చెడ్డ అచ్చు కూడా వేలమందికి అందింది.

వీళ్లందరిలో పెద్దాయన మనసుకు పట్టినవాడు అమెరికా సైన్యపు వైద్యుడు ఎడ్వర్డ్ మన్సన్. సుమారు రెండు వేల మంది సైనికుల కాళ్లు చూసి 1912లో ఆయన ఖాయం చేసిన అచ్చుకు ముందుభాగం వెడల్పు, లోపలి అంచు తిన్నన. కొలిచేటప్పుడు సైనికుడి వీపున 18 కిలోల మూట పెట్టి, బరువంతా ఒక్క కాలి మీద మోపించేవారు. బరువు పడ్డ పాదం పొడవూ వెడల్పూ రెండూ పెరుగుతాయి మరి. ఆ కథ విన్న మర్నాడే పెద్దాయన ఒక హమాలీని పిలిచి, ‘‘అన్నా, మూట దించద్దు, అట్లే కాయితం మీద నిలబడు’’ అన్నాడు. పెన్సిల్‌ను నిట్టనిలువుగా పట్టుకుని చుట్టూ గీశాడు. కూర్చున్నప్పుడు గీసిన గీత పక్కన ఆ గీత పెట్టి చూశాక, ఇన్నాళ్లూ కూర్చోబెట్టి కొలిచిన కొలతలన్నీ పక్కన పెట్టాడు. అప్పటి నుంచి కొలత సాయంత్రమే, నిలబడే, రెండు కాళ్లకూ విడివిడిగా. పొద్దంతా తిరిగిన కాలు సాయంత్రానికి కాస్త ఉబ్బి ఉంటుంది. పని చేసే కాలు అదే.

నన్ను బాగుచేసిన తీరు చెబుతాను. ముందు ఆకురాయితో నా కొస కోసుదనాన్ని గుండ్రం చేశాడు. కట్టె తీయగలం గానీ కలపలేం. అందుకని బొటనవేలి పక్కన, వేళ్ల మొదట్లో వెడల్పైన చోట, తోలు ముక్కలు అంచులు పలచగా చెక్కి నాకు అంటించాడు. అంచు పలచన కాకపోతే ఆ మెట్టు బూటు లోపల తేలి కాలిని ఒరుస్తుంది. ఒక్కో మనిషికి ఒక్కోలా ఆ ముక్కలు వేయడం, ఊడదీయడం. బొటనవేలి కణుపు బయటికి పొడుచుకొచ్చిన ముసలమ్మకు అక్కడ మాత్రమే ఒక చిన్న ముక్క. పోలియో వచ్చిన కుర్రవాడికి ఎడమకాలు ఎనిమిదో నంబరు, కుడికాలు ఐదు. ఆ వారం నా జంట అచ్చు గూట్లోనే ఉండిపోయింది, ఐదో నంబరు కుడి అచ్చు వచ్చి నా పక్కన చేరింది.

షుగరు వ్యాధితో, కుష్టుతో స్పర్శ పోయిన కాళ్లు అన్నిటికన్నా కష్టం. ఆ కాలికి బూటు కరుస్తున్న సంగతి తెలియదు, తెలిసేసరికి పుండవుతుంది. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1946 నుంచి పనిచేసిన పాల్ బ్రాండ్, కుష్టు రోగుల పాదాల పుండ్లకు కారణం రోగం తినేయడం అనుకునే కాలంలో, ఒత్తిడీ రాపిడీ అసలు కారణమని చూపించాడు. అక్కడి నుంచే ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఊరూరా చేరాయి. ఆ మందపు రబ్బరు బూటులో పట్టాలంటే నా కింద అంత మందం తోలు వేసి ఎత్తు పెంచాలి. లేదంటే లోపల రబ్బరు మెత్తగానే ఉంటుంది, పైనుంచి బూటు వేళ్లను అణిచేస్తుంది.

ఒక్క పనికి మాత్రం పాతకాలపు తిన్నని అచ్చే సరైనది. మెలిదిరిగిన పాదాలతో పుట్టే పిల్లలకు ఇప్పుడు కోత పెద్దగా అవసరం లేదు. స్పెయిన్‌లోని మెనోర్కా దీవిలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఇగ్నాసియో పోన్సెటి పద్ధతిలో వారం వారం పిండికట్లు మార్చి పాదాన్ని తిప్పుతారు. తర్వాత రెండు చిన్న బూట్లను ఒక కడ్డీకి బిగించి తొడుగుతారు: మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నిద్రవేళల్లో, నాలుగేళ్లు వచ్చేదాకా. ఆ బూట్లకు ముందుభాగం తెరిచి ఉంటుంది, అచ్చు తిన్నగా ఉంటుంది. ఎడమ కుడి వంపు ఉన్న అచ్చు మీద కుడితే పాదం మళ్లీ లోపలికి తిరిగే ప్రమాదం ఉంది. ఉగాండాలో స్టీన్‌బీక్ అనే నిపుణుడు స్థానికంగా దొరికే తోలుతో, ఇనుప కడ్డీతో ఈ పరికరాన్ని చవకగా చేసి చూపించాక పేద దేశాలకు దారి దొరికింది. అలాంటి పని ఈ సీమకు కొత్త కాదు. 1969లో ఫాదర్ ఫెర్రర్ వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ఇక్కడ వికలాంగులతో దశాబ్దాలుగా పనిచేస్తోంది, బత్తలపల్లిలో పెద్ద ఆస్పత్రి నడుపుతోంది. మనవరాలు అరచేతిలో పట్టేంత అచ్చుల జతలు చెక్కించి మా గూట్లో పెట్టింది. నా కన్నా చిన్నవి, నా కన్నా ముఖ్యమైనవి.

దేశం మొత్తానికి కూడా కొలత మార్చాలన్న ప్రతిపాదన వచ్చింది. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా 79 చోట్ల లక్షకు పైగా మనుషుల పాదాలను యంత్రాలతో కొలిచింది. మనవాళ్ల పాదాలు ఐరోపా, అమెరికా వాళ్ల పాదాల కన్నా వెడల్పని తేలింది. ఇంగ్లీషు నంబర్ల స్థానంలో ‘భ’ అనే పేరుతో, వయసును బట్టి ఎనిమిది విభాగాల కొత్త కొలతలు ప్రతిపాదించారు. ఆ వార్త విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు. అయినా సగటు కొలత ఎంత మంచిదైనా, మూటలు మోసే కాలూ ఆఫీసు కాలూ ఒక్కటి కావు. ఒక్కో పొడవుకు కనీసం మూడు వెడల్పులు ఉండాలని మనవరాలి పట్టుదల. ఖర్చు మూడింతలవుతుందని పెద్దాయన గొణిగాడు గానీ, అడ్డు చెప్పలేదు.

పోయిన వారం కొత్త జతకు కట్టె తెచ్చారు. నమూనాగా ఈసారి నన్నే పెట్టారు. నా మీది తోలు ముక్కల్ని ఊడదీయకుండా, ముందుభాగం చుట్టూ టేపు పెట్టి కొలిచి, బొటనవేలి మధ్య నుంచి మడమ మధ్యకు పెన్సిల్ గీత గీసి, ఆ కొలతలే వడ్రంగికి రాసిచ్చారు.