సుగ్గికి పోయిన పిల్లకు గుడ్డెవరు పెడతారు?

మా రోజుల్లో బళ్లో పెట్టింది అమెరికా ఉప్మా. కేర్ సంస్థ పంపిన రవ్వ, పాలపొడి. ఇంటినుంచి సత్తు గిన్నె తెచ్చుకొని వరసగా కూచునేవాళ్లం. పాలపొడి అంగిట్లో అంటుకొని ఒక పట్టాన దిగేది కాదు. అయినా గిన్నెలో మెతుకు మిగిల్చినోడు లేడు. వాన మొగం చాటేసిన ఏడు కర్నూలు జిల్లా దేవరగట్టు కింది మా పల్లెల్లో జొన్నరొట్టెకే దిక్కుండేది కాదు.

ఇప్పటి పళ్లెం చూస్తే నా కడుపు నిండుతుంది. ఈ పళ్లానికి ముందు నెలకు 3 కిలోల బియ్యం ఇచ్చి పంపేవాళ్లు, అవి ఇంటిల్లిపాదికీ అయిపోయేవి. వండిన అన్నమే పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పాక, 2003 జనవరిలో మన రాష్ట్రంలో పొయ్యి వెలిగింది. ఇప్పుడు గుడ్లు, చిక్కీ, రాగిజావ, 2025 నుంచి సన్నబియ్యం కూడా.

బడితోట మాత్రం పోయింది. ప్రతి బళ్లో పోషక తోట వెయ్యాలని 2019లో కేంద్రం చెప్పింది. మా అయ్యవారు ఏ కాగితమూ రాకముందే మడి కట్టించాడు. పిల్లలు చేతులు కడిగిన నీళ్లు పిల్లకాలువలో పడి, మునగచెట్టు పాదు నింపి, పుంటికూర మడికి పారేవి. గట్టు తెగితే మట్టేసి కాలితో తొక్కేవాళ్లం. ఇప్పుడు అక్కడ సిమెంటు పరిచారు. నీళ్లు దారిన పోతున్నాయి, ఆకుకూర ఆదోని నుంచి వస్తోంది.

అసలు బాధ వేరే ఉంది. దేవరగట్టు మీద దసరా రాత్రి బన్ని పండగ ముగిసి, దీపావళి దాటితే మా పల్లెలు సుగ్గికి, అంటే వలసకూలికి, కదులుతాయి. హొళగుంద, కోసిగి, కౌతాళం నుంచి బండ్లెక్కి గుంటూరు మిరపచేలకు. ముసలోళ్లం మిగులుతాం. చంటోణ్ణి చూసుకోను పదేళ్ల పిల్లనూ తోలుకుపోతారు. ఆ గుడ్డు అందరికన్నా ఎక్కువ కావలసింది ఆ పిల్లకే. గుడ్డేమో ఇక్కడ, పిల్లేమో చేనుగట్టున తమ్ముణ్ణి చంకనేసుకొని!

ఇప్పుడీ బడి మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో వేళగాని వేళ తలుపు తట్టినోళ్లకూ అన్నం పెట్టిన తల్లి ఆమె, ఏ ఊరోళ్లని అడగలేదు. మిరపచేల పక్కనున్న బళ్లు కూడా రిజిస్టరులో పేరు వెతక్కుండా మా పిల్లకు పళ్లెం వెయ్యాలి. వలసపోయేవాళ్ల పిల్లల కోసం ఊళ్లో పెట్టే సీజనల్ హాస్టలు బండ్లు కదిలాక తెరిస్తే ఏం లాభం? దసరాకు ముందే తెరవండి. అవ్వాతాతలం మేమున్నాం, పిల్లల్ని మేం దింపుతాం.