ఒకే గ్రిడ్డు, ఒక కొబ్బరాకు

మళ్ళీ మొదలైంది. ఏ మైకు దొరికినా జాతీయ గ్రిడ్డే. ఏ వేదికెక్కినా ఒకే దేశం, ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీయే. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాదిని మిగతా దేశంతో ముడివేశారు కదా, అప్పటినుంచి కరెంటు భద్రతకు ఢోకా లేదట. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా జనరేటర్లన్నీ 50 హెర్ట్‌జ్ దగ్గర ఒకే లయలో తిరుగుతున్నాయి. మా కృష్ణా డెల్టాలో ఆ లయకు తాళం తప్పించగలిగింది ఒక్కటే ఉంది: ఎండిన కొబ్బరాకు.

పేపర్ల జిల్లా పేజీలో కింద మూలన వచ్చే ప్రకటన మీరూ చూస్తూనే ఉంటారు. నేడు విద్యుత్ సరఫరా ఉండని ప్రాంతాలు. కారణం, చెట్ల కొమ్మల తొలగింపు. ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. వినియోగదారులు సహకరించాలి. ఏం సహకరించాలో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. చెమట పట్టకుండా కూర్చోవాలా? ఫ్రిజ్‌లో పాలకు నచ్చజెప్పాలా?

ఎండాకాలానికి ముందు వేసవి సన్నద్ధత అని కొమ్మలు కొడతారు. వానలకు ముందు వర్షాకాల సన్నద్ధత అని కొడతారు. తుపాను హెచ్చరిక వస్తే మళ్ళీ కొడతారు. ఎన్నిసార్లు కొట్టినా వారం తిరిగేసరికి తీగలకు తగిలేంత ఏపుగా ఎదిగే ఆ చెట్టేదో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు పట్టుకుంటే, కాలవ నీళ్ళు రాని ఏడాది రెండో పంటగా వేసుకుంటాం.

పైగా ఇవి చెప్పి తీసేవి. చెప్పకుండా తీసేవాటి భాష వేరు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ‘ఎల్‌సీ తీసుకున్నారండీ’ అంటారు, అంటే పనికోసం లైన్లో కరెంటు ఆపించారని. గంటాగి చేస్తే ఇన్సులేటర్ పంక్చర్. ఇంకో గంటకు జంపర్ తెగింది, మనిషి వెళ్ళాడు. ఆ మనిషి ఒక్కడే, మూడూళ్ళకూ అతనే. ఆ తర్వాత ఫోనెత్తరు. దేశంలో పెద్ద లైన్ల పొడవు దాదాపు 5 లక్షల సర్క్యూట్ కిలోమీటర్లని గొప్పగా చెబుతారు. నా ఫ్యాను ఆగేది ఆ లెక్కలోకి రాని నాలుగు స్తంభాల దగ్గర.

దేశం చాలలేదు కాబోలు, ఒకే సూర్యుడు, ఒకే ప్రపంచం, ఒకే గ్రిడ్ అని 2021లో గ్లాస్గోలో ప్రకటించి వచ్చారు. 2023లో రియాద్‌లో సౌదీ వారితో గ్రిడ్లు కలుపుకుందామని సంతకాలూ పెట్టారు. సముద్రం అడుగున తీగ వేస్తారట. వేయండి. అక్కడ కొబ్బరిచెట్లుండవు, పనిచేసినా చేస్తుంది.

2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్డు, దానితోపాటు తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి 60 కోట్ల మందికి పైగా చీకట్లో పడితే, మనం నిలబడ్డాం. ఎందుకు? ఆ లయలో లేకపోబట్టి. గాజువాక లాంటి చోట్ల డీసీ లింకుల మీదుగా ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప కలిసి తిరగలేదు. (ఆ ఏడాది మన కోతలు మనకు విడిగా ఉన్నాయి, అది వేరే కథ.) సరే, కలిశాం. కలిసిన ఎనిమిదేళ్ళకు, 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం పొగగొట్టాల కింద బతికేవాళ్ళనడగండి, గ్రిడ్డంటే ఏమిటో చెబుతారు. కరెంటు జాతీయం, బూడిద స్థానికం.

కైకలూరు, ముదినేపల్లి, కృత్తివెన్ను వైపు ఒకసారి రాత్రి రెండింటికి వెళ్ళండి. చీకటి పడ్డాక రొయ్యల చెరువులో నాచు ఆక్సిజన్ వదలడం మానేసి తానే పీలుస్తుంది. తెల్లవారుజాముకు నీళ్ళలో ఆక్సిజన్ అట్టడుక్కి పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్య ఎవరి ఫ్రీక్వెన్సీ కోసమూ ఆగదు, నెలల పెట్టుబడి గంటల్లో తేలిపోతుంది. అందుకే రైతు గట్టు మీద జనరేటర్ పక్కన మంచం వేసుకుంటాడు. జాతీయ గ్రిడ్డున్న దేశంలో ప్రతి చెరువుకూ ఓ సొంత గ్రిడ్డు! ఇక తీగ బాగుచేసేవాడి సంగతి: వానలో గ్లౌజులు లేకుండా స్తంభమెక్కిన కుర్రాడు, ఎల్‌సీ ఇచ్చామన్న లైన్లోనే కరెంటొచ్చి పైనే వేలాడిన వార్త ఎన్నిసార్లు చదవలేదు మనం? ఏ వేదిక మీదైనా అతని ఊసెత్తారా? 765 కేవీ లైనుకు శిలాఫలకం ఉంటుంది, రిబ్బనుంటుంది. తుప్పుపట్టిన పాత 11 కేవీ తీగ మారిస్తే రిబ్బను ఎక్కడ కట్టాలో వీళ్ళకు తెలియదు. అందుకని మార్చరు. సిగ్గులేనితనానికి ఇంతకంటే పెద్ద కారణం నేను వెతకను.

డబ్బు లేక మార్చలేదంటే నమ్మను. 2022–23 ఇంధన సర్దుబాటు కింద 6,072 కోట్ల రూపాయలు మన దగ్గర వసూలు చేసుకోవడానికి విద్యుత్ నియంత్రణ కమిషన్ అనుమతిస్తే, 2024 డిసెంబరు నుంచి వాయిదాల మీద బిల్లుల్లో కట్టాం. పవర్ హాలిడే ఇచ్చిన ఏప్రిల్ కూడా ఆ ఏడాదిలోదే. కరెంటివ్వని రోజులున్న ఏడాదికీ సర్దుబాటు మన వంతే. కైకలూరు గట్ల మీద జనరేటర్లు తాగిన డీజిల్‌ను కూడా ఇలాగే సర్దిపెట్టే కమిషన్ ఎక్కడుందో ఎవరైనా చెబితే, అర్జీ నేనే రాసిపెడతాను, స్టాంపు ఖర్చు కూడా నాదే.