అండర్‌గ్రౌండ్ అన్న

మలక్‌పేటలో నేల దిగువన ఉన్నది రైల్వే బ్రిడ్జి కింది దారి ఒక్కటే. గట్టి వాన పడితే అదీ చెరువే. మెట్రో సైతం స్తంభాల మీదుగానే పోతుంది. అయినా ఈ పేటలో అండర్‌గ్రౌండ్ మనిషి ఒకడుంటాడు. సాయంత్రాలు నల్లగొండ చౌరస్తా వైపు ఏదో ఒక ఇరానీ హోటల్లో దొరుకుతాడు. ఇద్దరు పట్టే నల్ల టీషర్టు, మెడలో హెడ్‌ఫోన్లు, ముందు సగం తాగిన చాయ్. పక్కవాడి ఫోన్లో ర్యాప్ మోగితే చెవి అటు పెట్టడు. మెడ చాచి, పాట కింద వ్యూస్ ఎన్నున్నాయో చూస్తాడు. వేలల్లో ఉంటే తలూపుతాడు, లక్ష దాటితే పెదవి విరుస్తాడు. కోటి దాటిందా, "అది ర్యాప్ గాదు తమ్మీ, దుకాణం" అని ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచుతాడు. మరి నువ్వు వినేదెవరిని అన్నా అంటే పేరు చెప్పడు. చెబితే ఇంకొకడు వింటాడని భయం.

ఈయనకూ, వాళ్లింటి కింది పోర్షన్ పెద్దాయనకూ క్షణం పడదు. ర్యాప్ అంటే బూతులూ, మెడలో గొలుసులూ, కిరాయికి తెచ్చిన కారూ అని పెద్దాయన ఎప్పుడో తేల్చేశాడు. చూడబోతే ఇద్దరిదీ ఒకే దారి, పాట వినకుండానే తీర్పు. ఆయన వేషం చూసి కొట్టేస్తాడు, ఈయన అంకె చూసి కొట్టేస్తాడు. మార్కెట్ అంటే అంత మంట ఉన్న అన్న, మార్కెట్ తక్కెడనే వాడుతున్నాడు. కాకపోతే తిరగేసి పట్టుకున్నాడు.

ఆ తక్కెడలో హైదరాబాద్ కుర్రాడు రుహాన్ అర్షద్‌ను తూచి చూడండి. 2018–19 ప్రాంతంలో ఊరంతా మోగిన అతని ర్యాప్ పాట 'మియా భాయ్' ఏ హీరో సినిమాలోదీ కాదు. మాట హైదరాబాదీ, వాలకం గల్లీది, చూసినవాళ్లు మాత్రం కోట్లమంది. దాన్ని ఏ అరలో పెట్టాలి? పైగా 2021లో, మతవిశ్వాసం రీత్యా సంగీతమే మానేస్తున్నానని అతను ప్రకటించాడు. అమ్ముడుపోయాడన్న ముద్ర అతని మీద ఎలా నిలుస్తుంది? తెలుగు ర్యాపర్లలో రోల్ రైడా 2018లో, నోయల్ 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లారు. అన్న లెక్కన అవి రెండూ కర్మకాండలు. కానీ రాత్రి భోజనాల వేళ టీవీ ముందు కూర్చున్న అమ్మలకు, తెలుగులో ర్యాప్ కట్టేవాళ్లున్నారని తెలిసింది ఆ ఇంటి నుంచే. అసలు పుట్టినిల్లే చూద్దాం. హిప్‌హాప్ పుట్టిందని చెప్పుకునే రోజు 1973 ఆగస్టు 11. న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ చెల్లెలు సిండీ, బడి తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బు కూడగట్టాలని పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. అంటే మొదటి రోజే గుమ్మంలో టికెట్టు! ఇక అక్కడి ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్ 'డ్యామ్' అమెరికాలో అమ్మకాల పట్టిక పైకెక్కింది, మరుసటి ఏడాది 2018లో పులిట్జర్ కూడా తెచ్చుకుంది. ఈ సంగతి ఎత్తితే అన్నకు అర్జెంటుగా ఫోన్ వస్తుంది.

అన్న వాదనలో పస లేదనలేం. సినిమా చేతిలో పడితే ర్యాప్ నలుగుతుంది. 1994లో 'ప్రేమికుడు'లో ఒక పాటంతా ర్యాప్ పేరు మీదే నడిచింది. ఆ తర్వాత మన సినిమాల్లో ర్యాప్‌కు తరచూ దక్కింది చరణానికీ చరణానికీ నడుమ నాలుగు ముక్కలు, లేదా హీరో కారు దిగుతుంటే వెనక కాస్త అరుపు. చెప్పదలచుకున్న మాటకు అక్కడ చోటుండదు. అయితే ఆ తప్పు జాగా ఇచ్చినవాళ్లది, విన్న కోటిమందిది కాదు. నలుగురే విన్నంత మాత్రాన పాటకు నిజాయితీ వస్తుందా అంటే అదీ లేదు. ఎవరూ వినని పాటల్లోనూ అవే గొప్పలు, అదే అమెరికా గల్లీ, సైదాబాద్ సందులో నిలబడి చూడని తుపాకుల గురించి అవే బెదిరింపులు. డబ్బు ముట్టనిదే కళ అనడానికి కూడా ఒక వెసులుబాటు కావాలి. స్టూడియోకు గంటల లెక్కన కట్టేవాడికి అది కుదరదు. అన్నకు కుదురుతుంది, కింది పోర్షన్ కిరాయి నెలనెలా నాన్న చేతికి వస్తుంది కాబట్టి. కట్టేది ఆ పెద్దాయనే.

అన్న పేరు చెప్పని ఆ గాయకుడు మాత్రం వారానికోసారి వాట్సాప్‌లో లింకు పంపుతాడు, "అన్నా, జర నలుగురికి ఫార్వర్డ్ చెయ్యే" అని. నీలం టిక్కులు పడతాయి. లింకు అక్కడే ఆగిపోతుంది.