ఇంజను సంజీవని: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం

ఇప్పి చూడకున్న నింజను గుట్టెట్లు
తెలియునయ్య? ఇప్పి తెలిసినాక
మూయ మనసు రాదు, మూల పడెయలేము;
కొత్తదెంతొ అడుగ కొంప మునుగు.

అవతారిక

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల పాటు, మోటారు బోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమది. బోట్లు ఒడ్డెక్కుతాయి, చిరిగిన వలలు బాగుపడతాయి, ఏడాది పొడుగునా "తర్వాత చూద్దాం లే" అనిపించుకున్న ఇంజన్లు మెకానిక్ షెడ్డుకు చేరతాయి. ఈ పద్యం ఆ రుతువులో, కాకినాడకు ఉత్తరాన ఉన్న రేవుల్లో పుట్టినదని మా ఊహ. కవి పేరు తెలియదు. చేతిలో పన్నెండో నంబరు పానా, గోళ్ళ సందుల్లో గ్రీజు ఉన్నట్టు మాత్రం శైలిని బట్టి చెప్పవచ్చు.

నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడైన మల్లినాథసూరి, చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికిస్తానంటూ తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. ఉప్పునీటికి మూర్ఛపోయిన ఇంజను విషయంలో మాకంత ధీమా లేదు. పేరు మటుకు అరువు తెచ్చుకున్నాం.

సందర్భం: పాత ఔట్‌బోర్డు మోటారును ఆటోలో వేసుకొచ్చిన సొంతదారు "బాగవుద్దంటావా?" అని అడగ్గా కవి ఇచ్చిన జవాబు.

ప్రతిపదార్థం

ఇప్పి చూడకున్నన్ = పైమూత తీసి, బోల్టులు లాగి, హెడ్డు ఎత్తి లోపల చూడకపోతే; ఇంజను గుట్టు = బోటు వెనక చెక్కకు బిగించే మోటారు రహస్యం; ఎట్లు తెలియున్ = ఎలా తెలుస్తుంది; అయ్య = ఓ సొంతదారుడా (డబ్బిచ్చేవాడు గనుక గౌరవ సంబోధన); ఇప్పి తెలిసినాక = తెరిచి, లోపలి సంగతి కళ్ళారా చూశాక; మూయన్ మనసు రాదు = ఉన్నదున్నట్టు మూసి ఇంటికి పట్టుకుపోవడానికి మనసొప్పదు; మూల పడెయలేము = గోనెసంచి కప్పి పెరట్లో పడేయనూ లేము; కొత్తది ఎంతొ అడుగన్ = కొత్త మోటారు ఖరీదు వాకబు చేస్తే; కొంప మునుగున్ = ఇల్లు మునుగుతుంది.

తాత్పర్యం

పాత మోటారు విప్పితే ఒక బాధ, విప్పకపోతే ఒక బాధ, కొత్తది కొంటే అసలు బాధ.

విశేషాలు

ఇప్పి చూడకున్న: విప్పితేగానీ గుట్టు తెలియదన్న ఈ మాటతో మేము ఏకీభవించం. కవికి విప్పుడు కూలి వస్తుంది గనుక ఆయన పక్షం ఆయనది. సగం గుట్టు హెడ్డు ఎత్తకుండానే బయటపడుతుంది.

మొదట ప్లగ్గులు తీసి, ఒక్కో రంధ్రంలో కంప్రెషన్ గేజీ బిగించి, తాడు నాలుగుసార్లు గట్టిగా లాగాలి. ముల్లు ఒక అంకె దగ్గర ఆగుతుంది. అంకె పెద్దదా చిన్నదా అన్నదానికన్నా రెండు సిలిండర్లకూ ఇంచుమించు ఒకటేనా అన్నది ముఖ్యం. నూటికి పది దాకా తేడా ఉంటే అది వయసు. ఒకటి 110, రెండోది 60 చూపిస్తే ఆ రెండోదాంట్లో రింగు విరిగిందో, పిస్టను గీసుకుందో, హెడ్డు గ్యాస్కెట్టు పోయిందో అయి ఉండాలి. తర్వాత అడుగున గేర్‌బాక్సు స్క్రూ వదులు చేసి నాలుగు చుక్కలు వేలి మీదకు తీసుకోవాలి. నూనె రంగులోనే ఉంటే నిశ్చింత. పాలు కలిపిన టీ రంగులో దిగిందా, సీళ్ళు పోయి లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. ఈ పద్యానికి రసం కరుణమని మేమంటే, ఆ చుక్కలు చూసిన మా శిష్యుడొకడు బీభత్సమన్నాడు.

చల్లార్చే నీరు వెనక సన్నని ధారగా బయటికి కొట్టాలి. కొట్టకపోతే కింద పంపులో ఇంపెల్లరనే రబ్బరు చక్రం రెక్కలు చచ్చి ఉంటాయి, లేదా నీటి దారుల్లో ఉప్పు గడ్డకట్టి ఉంటుంది. మొదటిది చవక బేరం. రెండోది, ప్రతి వేట తర్వాత మంచినీళ్ళలో పెట్టి కాసేపు ఆడించని పాపం.

మన తీరంలో కిరసనాయిలుతో నడిపే మోటార్ల జాతకం కాస్త వేరు. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కాక కిరసనాయిలుకు మారుస్తారు. ఆపే ముందు మళ్ళీ పెట్రోలుకు తిప్పకపోతే కార్బ్యురేటరులో కిరసనాయిలే మిగిలి, మర్నాడు తెల్లారగట్ల తాడు లాగి లాగి భుజం పడిపోతుంది. ఇంజను చచ్చిందని షెడ్డుకు వచ్చేవాటిలో ఇలాంటివీ ఉంటాయి. వాటికి కావలసింది కార్బ్యురేటరు కడగడం, పునర్జన్మ కాదు.

ఇక నిజంగా ఇప్పడం. ఇంజను బాడీ అల్యూమినియం, బోల్టు స్టీలు, మధ్యన ఉప్పునీరు. ఈ మూడూ కలిస్తే ఒక చిన్న బ్యాటరీ తయారై అల్యూమినియం నెమ్మదిగా కరుగుతుంది. అలా పుట్టిన తెల్లటి పొడి మరల సందుల్లో కూరుకుపోయి బోల్టును పట్టేస్తుంది. దీనికి విరుగుడుగానే కంపెనీవాళ్ళు జింకు ముక్కను బిగించి ఇస్తారు. ముందు తాను కరిగి మిగతాదాన్ని కాపాడుతుంది. ఆ ముక్క ఏ స్థితిలో ఉందో చూస్తే సొంతదారు గుణగణాలు తెలుస్తాయి. అందంగా ఉంటుందని దాని మీద పెయింటు కొట్టినవాళ్ళున్నారు. పెయింటు పడితే జింకు పని చెయ్యదు.

పట్టేసిన బోల్టు దగ్గర కవి నేర్పు చూడాలి. తల మీద సుత్తితో చిన్నగా తడతాడు, చుట్టూ గ్యాసు మంట తిప్పుతాడు, నూనె పోస్తాడు, అర చుట్టు విప్పి పావు చుట్టు బిగిస్తాడు. "కిర్రు"మంటే కదిలినట్టు. "టిక్కు"మంటే తెగినట్టు. ఆ రెండో శబ్దం వినగానే సొంతదారు బీడీ వెలిగించుకోవడానికి బయటికి పోవడం ఆనవాయితీ. తెగిన మొండాన్ని డ్రిల్లుతో తీసి, కొత్తగా మరలు పోయించాలి. కూలి లెక్క పెరిగేది ఇక్కడే, పిస్టను దగ్గర కాదు.

తెలిసినాక: తెలిసేది సాధారణంగా సిలిండరు గోడల మీద నిలువు గీతలు. పెట్రోలు టూ-స్ట్రోకు మోటార్లలో చాలావాటికి 50 పాళ్ళకు ఒక పాలు ఆయిలు, అంటే 5 లీటర్లకు 100 మిల్లీలీటర్లు. ఆయిలు మిగుల్చుకుందామన్నవాడి లాభమంతా ఈ గీతల్లో కనిపిస్తుంది. గీత లోతు తక్కువైతే లేతు షాపులో బోరు చేయించి, పావు మిల్లీమీటరో అర మిల్లీమీటరో ఓవర్‌సైజు పిస్టను వెయ్యవచ్చు, ఆ పిస్టను దొరికితే.

ఆ "దొరికితే" మీదే పద్యమంతా నడుస్తుంది. నార్వేలో పుట్టి అమెరికా చేరిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీలో ఔట్‌బోర్డు మోటార్లు అమ్మకానికి పెట్టాడు. కాబోయే ఇల్లాలు ఐస్‌క్రీం అడిగితే ఎండలో సరస్సు మీద తెడ్డేసి తెచ్చేలోపు కరిగిపోయిందని, అప్పుడు తట్టిన ఆలోచన ఇదని కథ. అంతటి పేరున్న ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ కూడా 2020లో ఆగిపోయింది. కాబట్టి పాత మోటారుకు వంశం అడగకండి, విడిభాగం అడగండి. మోడలు నంబరు రాసుకుని, పిస్టను, రింగులు, గ్యాస్కెట్ల సెట్టు, సీళ్ళు, ఇంపెల్లరు ఉన్నాయో లేవో షాపులో కనుక్కున్నాకే పానా ముట్టుకోవాలి. కవి ఈ వరుసను తలకిందులు చేశాడు.

మూయ మనసు రాదు: ఇందులో అలంకారమేమిటని అడిగితే పూర్వులు ఏమనేవారో గానీ, మేము అప్పు అంటాం. ఇప్పటికే ఇంత పెట్టాం గదా అని మరికొంత, ఆ మరికొంత పోగూడదని ఇంకొంత. పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఇక పెట్టబోయేదాన్ని మాత్రమే లెక్కవెయ్యాలి. ఈ లెక్క ఒడ్డు మీద అందరికీ తెలుసు, హెడ్డు విప్పి ఉన్నప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాదు.

మూల పడెయలేము: సుగమం.

కొంప మునుగు: ఇతర ప్రాంతాల పాఠకులు దీన్ని నుడికారంగా తీసుకుంటారు. కాకినాడ దగ్గరి ఉప్పాడలో సముద్రం ఒడ్డును కోసుకుంటూ వచ్చి ఇళ్ళను నిజంగానే మింగేసింది. అక్కడివాళ్ళకు ఈ పాదం వాచ్యార్థమే. అలాంటి ఊళ్ళో ఇల్లు కట్టుకోవడమా, మోటారు కొనుక్కోవడమా అన్న ప్రశ్న ముందు ఈ వ్యాఖ్య ఆగిపోతుంది.

సిద్ధాంతం

రెండు సిలిండర్ల కంప్రెషనూ దగ్గర దగ్గరగా ఉండి, గేరు నూనె శుభ్రంగా ఉండి, విడిభాగాలు దొరికే మోడలైతే బాగుచేయించుకోండి, ఇంకొన్నాళ్ళు లాగుతుంది. ఒక సిలిండరే పడిపోతే విడిభాగాలకూ లేతు పనికీ ధర కట్టించి, అది సగం కొత్త మోటారు ఖరీదు దాటితే వద్దనుకోండి. బ్లాకును ఉప్పు తినేసి, బోల్టులు వరసగా తెగుతుంటే అక్కడితో ఆపి, మిగిలిన భాగాలను మెకానిక్‌కే అమ్మేయండి. ఏది చేసినా నిషేధం మొదటివారంలోనే చెయ్యండి. జూన్ రెండోవారంలో షెడ్డు ముందు నిలబడితే కవి పద్యం చెప్పడు, వాయిదా చెబుతాడు.